ఎడమ చెంప

మా షాపులో ఆమెని అందరూ సీసాల వదిన అనేవాళ్లు. ముఖానికి రాసుకునే సీరమ్‌లు అమ్మే కౌంటర్ ఆమెది, పక్కన గడియారాల కౌంటర్ నాది. పదకొండేళ్లు పక్కపక్కనే నిలబడ్డాం, కాళ్లు పీకినప్పుడల్లా ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం.

అమ్మడం కంటే వద్దని చెప్పడమే ఆమెకి బాగా వచ్చు. రెటినాల్, గ్లైకాలిక్ ఆసిడ్ రెండూ కావాలని ఎవరైనా వస్తే ముందు కూర్చోబెట్టేది. ఈ రాత్రి ఒకటి రాస్తే రేపు రాత్రి రెండోది, ఆ మర్నాడు ఉత్త మాయిశ్చరైజర్, పొద్దున సన్‌స్క్రీన్ తప్పకూడదు అనేది. కొత్తవాళ్లయితే ఒక్క సీసా చేతిలో పెట్టి, నెల తర్వాత రమ్మనేది. చర్మం ఏమన్నా బండరాయా, అన్నీ ఒకేసారి రుద్దడానికి అని కసిరేది. కసురు తిన్నవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు.

కొత్త మేనేజరు వచ్చాక ఆసిడ్, విటమిన్ సి, రెటినాల్ మూడూ కలిపి ఒక పెట్టె చేశారు. ఒకదాని మీద ఒకటి, ఒకేసారి రాయాలట. అమ్మేవాళ్లు జనం ముందు తమ ముఖానికే రాసి చూపించాలి, అదీ తేడా తెలిసేలా సగం ముఖానికే. వదిన అడ్డం తిరిగింది. ఇలా కలిపితే మండుతుందని, చర్మం లేచిపోతుందని చెప్పింది. మేనేజరు నవ్వుతూనే విన్నాడు.

"మీకు కష్టమైతే చెప్పండి. ఈ పనికి అమ్మాయిలు బయట చాలామంది ఉన్నారు," అన్నాడు.

నలభై ఆరేళ్ల మనిషికి అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. వదిన భర్త మంచాన పడి రెండేళ్లయింది, ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగంతోనే.

రోజుకి ఆరుసార్లు రాసుకుంది. మూడోరోజుకి ఎడమ చెంప కందిపోయింది. అయిదోరోజుకి పొట్టు లేచింది. ఫౌండేషన్ దట్టించి మళ్లీ నిలబడింది. మండుతోందా వదినా అని అడిగితే, నోరు మూసుకుని నీ గడియారాలు చూసుకోమంది. ఎనిమిదోరోజు చెంప నుంచి రసి కారింది. మేనేజరు ఆమెని గోడౌన్‌లోకి మార్చి, ఆమెది మొదటినుంచీ సున్నితమైన చర్మమేనని కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఆ పెన్ను లాక్కుని విరిచెయ్యాలనిపించింది నాకు. అనిపించడం వరకే.

మర్నాడు చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ లైటు వేసి చూసి మండిపడింది.

"ఇవన్నీ కలిపి రాసుకోమని ఎవరు చెప్పారమ్మా? తెలియకపోతే అడగాలి కదా."

"తెలుసండి. తెలిసే రాసుకున్నాను," అంది వదిన.

డాక్టరు నావైపు తిరిగి, పక్కనే ఉండి మీరైనా ఆపలేకపోయారా అని అడిగింది. ఆ ఎనిమిది రోజులూ వదిన రాసుకుంటుంటే ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడింది నేనే.