టచప్ అక్క దిద్దిన ముఖాలు

ఆమె దుకాణంలో ఒక నల్లకోటు ఉంది. వీపు వైపు నిలువునా చీల్చి ఉంటుంది. సన్నవాళ్ళు తొడుక్కుంటే వెనక క్లిప్పులు పెడుతుంది, లావువాళ్ళు తొడుక్కుంటే తెరిచి వదిలేస్తుంది. ముందు నుంచి చూస్తే ఎవరికైనా కొలతలు తీసి కుట్టినట్టే ఉంటుంది. పెన్షన్ ఆఫీసుకు ఎదురుగా ఉన్న ఆ ఫొటో దుకాణంలో ముప్పై ఏళ్ళుగా జరుగుతున్న పని కూడా ఇంచుమించు అలాంటిదే.

అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన, గుండ్రంగా తిరిగే స్టూలు, తెల్లటి తెర, పక్కగోడకు ఒక చదరపు కిటికీ. ఆమెకు లైట్లు పడవు. కిటికీ వెలుతురులోనే ఫొటో తీస్తుంది. మబ్బు పట్టిన రోజున మర్నాడు రమ్మంటుంది. తీశాక కంప్యూటర్ ముందు కూర్చుని దిద్దుతుంది. కళ్ళ కింద నలుపు పోతుంది, బుగ్గ మీద మచ్చ పోతుంది, వంకర ముక్కు కాస్త దారికొస్తుంది. అందుకే అందరికీ ఆమె టచప్ అక్క. అసలు పేరు దుకాణం బోర్డు మీద కూడా లేదు.

పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో దిద్దేవాడు. ఆయన పెట్టిన నియమాలు రెండే. ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టలేనంతగా దిద్దకూడదు, దిద్దక ముందుది పారేయకూడదు. మొదటిదాన్ని ఆమె కాస్త సాగదీసింది గాని, రెండోదాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తీసిన ఫొటోలన్నీ తీసినవి తీసినట్టుగా హార్డ్ డిస్కుల్లో ఎక్కించి, బిస్కెట్ డబ్బాల్లో పెట్టి, మీద తేదీలు రాసి దాచింది.

ఎందుకు దిద్దుతావని ఎవరైనా అడిగితే ఆమె జవాబు ఒకటే. "మనిషి ముఖం అబద్ధం చెప్పదు. ఆ పూట నిద్ర చాలలేదని కూడా చెప్తుంది. నేను తీసేసేది దాన్నే."

ఈ ఏడాది పెన్షన్ ఆఫీసు కొత్త పద్ధతి తెచ్చింది. అంతకుముందు పెన్షన్‌దారులంతా ఏటా ఒకసారి, బతికే ఉన్నామని చెప్పుకోవడానికి వచ్చి వరుసలో నిలబడేవారు. బతికున్నవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని నిలబడుతుంటే, పోయినవాళ్ళ పెన్షన్ మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టి హాయిగా పట్టుకుపోయేవారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులో ముఖం చూపిస్తే చాలు. ఫైల్లో ఉన్న ఫొటోతో యంత్రం పోల్చుకుంటుంది. సరిపోతే ఆకుపచ్చ గుర్తు పడుతుంది. మంచి పద్ధతే. చాలామందికి టీ చల్లారేలోగా పని అయిపోయింది.

అలా పని కానివాళ్ళలో టచప్ అక్క పిన్ని ఒకతె. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై రెండేళ్ళు. ఆ పెన్షన్ తప్ప వేరే ఆధారం లేదు. ఫోను మూడుసార్లు ముఖం సరిపోలలేదని చెప్పి, నాలుగోసారి అసలు తెరుచుకోనే లేదు. ఆవిడ నేరుగా దుకాణానికి వచ్చింది.

"ఏమే, నేను నేను కాదంటోంది ఈ ఫోను."

"కళ్ళజోడు తీశావా పిన్నీ?"

"తీశాను. పళ్ళు కూడా పెట్టుకున్నాను."

అక్క పాత ఫొటో తీసి చూసింది. ఎనిమిదేళ్ళ కిందట పెన్షన్ దరఖాస్తుకు తీసింది. అప్పటికి పిన్నికి అరవై నాలుగు, ఫొటోలో ఆవిడకి నలభై అయిదు దాటవు. పెదవి పక్క పుట్టుమచ్చ లేదు, రెండో గడ్డం లేదు, జుట్టు కాటుకలా ఉంది. ఆ రోజు పిన్ని పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని, ఇది తియ్యి, అది తియ్యి అని గంటసేపు చెప్పి చేయించుకుంది. ఇప్పుడా సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పిన్ని కొంగుతో పెదవి పక్క తుడుచుకుంది.

వారం తిరక్కుండా అలాంటివాళ్ళు ముప్పై నలుగురు తేలారు. పెన్షన్ ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మను దొంగ పెన్షన్లు పట్టడానికే వేశారు. ఆవిడ ముప్పై నాలుగు ఫైళ్ళూ తెప్పించి ఫొటోలు వెనక్కి తిప్పి చూసింది. అన్నిటి మీదా ఒకే దుకాణం ముద్ర. ఆవిడ స్థానంలో ఎవరున్నా ముఠా అనే అనుకుంటారు. మర్నాడే నోటీసు వచ్చింది. ఆ ముద్ర ఉన్న రెండువందల ఆరు ఫొటోలకూ అసలువి వారంలో తెచ్చి చూపించాలి. లేకపోతే ఆఫీసు ఒప్పుకునే ఫొటో దుకాణాల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. తేలేదాకా ఆ ముప్పై నలుగురి పెన్షన్లూ ఆగుతాయి.

పేరు కొట్టేస్తే దుకాణం మూసుకోవడమే. చెల్లని ఫొటో కోసం ఎవరొస్తారు? తానూ పెన్షన్‌దారే అయిన పక్క జిరాక్సు దుకాణం ఆయన, తన బట్టతల మీద జుట్టు మొలిపించిన రోజే తనకు అనుమానం వచ్చిందని వీధంతా చెప్పాడు. ఆ ఫొటో మాత్రం ఆయన గల్లాపెట్టె వెనక ఇప్పటికీ వేలాడుతోంది.

వారం రోజులూ అక్క ఫొటోలు తీయడం మానేసి, నోటీసులోని తేదీలను బట్టి డిస్కులు వెతికి తీసింది. ఏడో రోజు పొద్దున్న రెండు చేతుల్లో బిస్కెట్ డబ్బాలు, వెనక పిన్నితో ఆఫీసు మెట్లెక్కింది. ఆఫీసరమ్మ మొదట పిన్నినే కెమెరా ఎదుట కూర్చోబెట్టి, దిద్దని ఫొటోతో పోల్చి చూసింది. రెప్పపాటులో ఆకుపచ్చ గుర్తు పడింది.

పిన్ని తెర వైపు వంగి ఆ ఫొటో చూసుకుంది. "అంటే ఇన్నాళ్ళూ నేను ఇలాగే ఉన్నానా?"

అక్క రెండో డబ్బా మూత తీసే పనిలో పడింది.

మిగతావాళ్ళనూ ఒక్కొక్కరినే పిలిపించి, పాత రికార్డులతో కూడా సరిచూసేసరికి రెండు రోజులు పట్టింది. ముప్పై నలుగురూ నిఖార్సైన మనుషులే. చేసిన తప్పల్లా అందంగా కనబడాలనుకోవడం. తక్కిన ఫొటోల్లో దిద్దడం తక్కువ కాబట్టి యంత్రం ముందే ఒప్పుకుంది. చివరికి గుమాస్తా లెక్క చూసి, రెండువందల అయిదే ఉన్నాయి, ఒకదానికి అసలుది లేదన్నాడు.

"అది వదిలెయ్యండమ్మా" అంది ఆఫీసరమ్మ. "దానికి మ్యాచ్ అయిపోయింది. ఒక్కటి దొరక్కపోతే కొంప మునగదు."

అక్క డబ్బాలు సర్దుకుని వచ్చేయొచ్చు. దుకాణం నిలబడింది, పిన్ని పెన్షన్ నిలబడింది. పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. అక్క మాత్రం లేవలేదు.

"నా దగ్గర దొరక్కపోవడం ఉండదు మేడం. ఒకసారి చూపించండి."

ఎవరో తెల్లజుట్టు పెద్దమనిషి. అక్క దాన్ని తెర మీద పెద్దది చేయించి చాలాసేపు చూసింది.

"ఇది నేను తీసింది కాదు."

"వెనక మీ ముద్ర ఉందిగా."

"ముద్ర ఎవరైనా చేయిస్తారు. నా కిటికీ ఎక్కడ చేయిస్తారు?"

అప్పుడు చెప్పింది. ఆమె తీసిన ప్రతి ఫొటోలోనూ కంటిపాపలో ఒకే మూల చిన్న తెల్లటి చదరం ఉంటుంది. అది దుకాణం కిటికీ. ఏది దిద్దినా దాని జోలికి పోదు, అది చెరిపేస్తే మనిషి కళ్ళలో ప్రాణం పోతుంది. ఆఫీసరమ్మ ఒక్కొక్క ఫొటోనే పెద్దది చేసి చూసింది. పిన్ని కళ్ళలో చదరం. జిరాక్సాయన కళ్ళలో చదరం. ఈ పెద్దమనిషి కళ్ళలో మాత్రం అటొకటి ఇటొకటి రెండు గుండ్రటి చుక్కలు, లైట్లవి.

"ఇంకో మాట మేడం. ఈ జుట్టు నెరిసింది కాదు, నెరిపించింది. ముప్పై ఏళ్ళలో నల్లగా చెయ్యమన్నవాళ్ళనే చూశాను. తెల్లగా చేయించుకున్నవాణ్ణి చూడ్డం ఇదే."

విచారిస్తే, పెన్షన్ అసలుదారు పోయి అయిదేళ్ళయింది. మేనల్లుడు, యాభై ఏళ్ళవాడు, పాత ఫొటో వెలిసిపోయిందని చెప్పి, తల తెల్లబరచుకుని తన ఫొటోనే ఇచ్చుకున్నాడు. యంత్రం తప్పేమీ లేదు. ఫొటో, ముఖం ఒకటేనా అని అడిగారు, ఒకటేనని చెప్పింది. ఆ ఫొటో ఎవరిదని దాన్ని ఎవరూ అడగలేదు.

జాబితాలో దుకాణం పేరు ఉండిపోయింది. ఒక షరతు మాత్రం కలిసింది. ఆఫీసుకు పంపే ఫొటో తీసిన వెంటనే దుకాణం నుంచి నేరుగా వెళ్ళిపోవాలి, మధ్యలో దిద్దడానికి ఆగకూడదు. మొదటి వారం అక్క కుడిచెయ్యి ఊరుకోలేదు. తర్వాత తనే దారి కనిపెట్టింది. అద్దం పక్కన చీటీ అంటించింది: ఆఫీసుకు ఒకటి, ఇంటికి ఒకటి. రెండోదాని కోసం ఎప్పటిలాగే పక్కన కుర్చీ వేస్తుంది.

మొన్న పిన్ని మళ్ళీ ముఖం చూపించాల్సి వచ్చింది. దుకాణంలోనే కూర్చుని ఫోను తెరిచింది. తెర పైన మూలన ఆఫీసు దగ్గరున్న కొత్త ఫొటో కనబడుతుంది, పుట్టుమచ్చతో, రెండో గడ్డంతో సహా. పిన్ని దాన్ని బొటనవేలితో మూసేసి, కెమెరా వైపు ఠీవిగా చూసింది. ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

"చూశావా, నేనే" అంది, వేలు తీయకుండా.