ఎదురుకాళ్ల తన్ను

నడుము పట్టింది. పొద్దున బకెట్ ఎత్తబోయి వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను. గోడ మీది బల్లి ఆ అవతారం చూసి, పెద్దమనిషికి దారిచ్చినట్టు పక్కకు తప్పుకుంది.

కొత్త జిల్లాలయ్యాక నన్ను నల్లగొండ నుంచి నారాయణపేటకు బదిలీ చేశారు. నా భార్య పోయి అప్పటికే కొన్నేళ్లు. ఒక గది కిరాయికి తీసుకున్నాను. అందులో ఎంత నిశ్శబ్దమంటే, నేను అన్నంలో పెరుగు కలిపితే ఆ చప్పుడు బస్టాండు దాకా వినిపించేది.

ఎలాగో వాకిట్లోకి వచ్చాను. ముందింట్లో మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్న, నాకు గది కిరాయికిచ్చిన ఇంటామె తలెత్తింది.

"ఏమైందన్నా, గట్ల వంగినవ్? ఏమన్న పారేసుకున్నవా?"

"నడుము పట్టిందక్కా."

"చూపిచ్చుకున్నవా మరి?"

మా దిక్కు మాట అది. 'చికిత్స' అన్నది దవాఖాన బోర్డు మీద తప్ప ఎవరి నోటా నేను వినలేదు. బోర్డు రాసినవాడు కూడా తనకు జ్వరమొస్తే ఆ మాట అని ఉండడు. 'వైద్యం' అనాలంటే రోగం కాస్త పెద్దదై ఉండాలి, చుట్టాలు పండ్లు పట్టుకుని రావాలి. ఉర్దూ మాట 'ఇలాజ్' మా బాపు కాలంతోనే పోయింది. మిగిలినవాళ్లం పన్ను నొప్పయినా, పాము కరిచినా చూపించుకుంటాం. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటే. కానీ చూడటానికి ఒక మనిషి ఉండాలని నారాయణపేట వచ్చాకే తట్టింది.

దవాఖానకు పోయి చూపించుకున్నాను. సూది వేశారు, గోలీలిచ్చారు. ఒక్కో గోలీ మేకపిల్ల తలంత ఉంది. నొప్పి వాటిని ఫలహారంలా తిని ఇంకా బలిసింది.

"గోలీలకు పోతదా గా నొప్పి?" అంది ఇంటామె. "ఐతారం పొద్దుగాల ఏం తినకుంట రా. ఒక్క తన్ను తంత."

తలకు బదులు కాళ్లు ముందుగా వచ్చి పుట్టినవాళ్లు తంతే పట్టిన నడుము విడుస్తుందని నమ్మకం. ఆ తన్నుకు గుణం ఉండేది ఐతారం, బేస్తవారమేనట, అంటే ఆదివారం, గురువారం. ఈమె అట్లా ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. పైగా పొద్దంతా మగ్గం తొక్కే కాలు. తగిలితే సరిహద్దు దాటి కర్ణాటకలో పడతానేమోనని, ఐతారం పొద్దున ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని మరీ పోయాను.

"దర్వాజ పట్టుకొని నిలవడు. కాలు తాకిస్తున్న, తప్పు పట్టకన్నా," అని ముందు నాకు దండం పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. తన్ను కాదది. మడమ నడుముకు ఆనించి మెల్లగా తోసింది, అంతే. నా భార్య పోయాక నన్ను తాకినవి బస్సులో జనం మోచేతులే. దర్వాజ వదలబుద్ధి కాలేదు.

"ఇడిసిందా?"

సూది మహిమో, మడమ మహిమో, నిజంగానే విడిచింది.

"ఇంకా జర ఉందక్కా," అన్నాను.

"అయితే బేస్తారం మళ్ల రా. కూసో, చాయ్ తాగిపో."

ఆ రోజు నుంచి వీధిలో నిటారుగా, వాకిట్లో వంగి నడిచాను. ఇంత కష్టపడి నేను ఏ ఉద్యోగమూ చేయలేదు. అయినా మంగళవారం రెండు చేతులా నిండు బకెట్లు మోసుకొస్తూ, తాడిచెట్టులా నిటారుగా ఆమె కంటబడ్డాను. మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

బేస్తవారం పొద్దున గదిలోంచి కదలలేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలి? తలుపేసుకుని, మంచం మీద కూర్చుని, మగ్గం ఎప్పుడు మొదలవుతుందా అని విన్నాను. అది మొదలైతే తన్నుకు పోయే పొద్దు దాటిపోయినట్టే.

మగ్గం మొదలు కాలేదు.

"ఏమన్నా, తన్నుకు రావా?" అని కేక. "చాయ్ సల్లారుతాంది!"

పోయి దర్వాజ పట్టుకున్నాను.

"నీళ్లు మంచిగనే మోస్తున్నవ్ గద?"

"మోస్తున్న."

"నొప్పి లేని నడుముకు గట్టిగనే తన్నాలె మరి," అంటూ దండం పెట్టింది.

నిజంగానే గట్టిగా తన్నింది. తూలి మగ్గం మీద పడబోయాను. మూలన నూలు చుడుతున్న ఆమె పెనిమిటి పగలబడి నవ్వాడు. "పైలమే, చీర ఖరాబైతది!"

చాయ్ ఇచ్చారు. ఐతారం కూడా రావాలా అని అడగబోయి, గ్లాసు నోటికెత్తుకున్నాను. ఆ చాయ్‌నే ఎంత మెల్లగా తాగానంటే, అది ముగిసేసరికి వాళ్ల చీరకు కొంగు పూర్తయింది.