అమ్మ అనని పేరు

బళ్ళో పాఠాలు చెప్పి అలసిపోయానంటే నమ్ముతారు గానీ, పేర్లు చెప్పి అలసిపోయానంటే నవ్వుతారు. రాజుపాలెం దగ్గర ఒక ఊళ్ళో టీచర్ని. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఎప్పుడో ఒక పసిపిల్లకు మంచి పేరు చెప్పాను, చేసిన పాపం అది. అప్పటినుంచి ఏ ఇంట్లో ఉయ్యాల కట్టినా నా ఫోను మోగుతుంది.

"మేడమ్, 'క' మీద రావాలంట. కొత్తగా ఉండాల. మా ఊళ్ళో ఎవురికీ ఉండకూడదు. అర్థం కూడా మంచిది చూడండి."

సాయంత్రం నరసరావుపేట బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో వెతుకుతాను. మొన్న ఒక కుర్రతండ్రి కియారా అనే పేరు ఎట్లా ఉంటుందని అడిగాడు. ఒకచోట అది ఇటలీ మాట, వెలుగు అని అర్థం అని ఉంది. ఇంకోచోట ఐర్లండు మాట, నలుపు అని ఉంది. రెండూ చెప్పాను. "వెలుగు దగ్గర ఆపేద్దాం మేడమ్" అన్నాడు. నాకూ ఓపిక లేదు, ఆపేశాను.

మా చిన్నప్పుడు ఈ వెతుకులాట లేదు. కోటప్పకొండకు మొక్కుకుంటే కోటయ్య. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినవాణ్ణి ఒక్క నిమిషం పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అనేవాళ్ళు. చావు కూడా అసహ్యపడి వదిలేస్తుందని ఆశ. ఆ పేర్లు విని మా బళ్ళో పిల్లలు పకపకా నవ్వుతారు. వాళ్ళను కోప్పడలేను. ఆ నవ్వే పిల్లల్లో ఆ పెంటయ్యల మునిమనవలు కూడా ఉంటారు, వాళ్ళకా సంగతి తెలియదు.

నాదీ మొక్కు పేరే. మా నాయనమ్మ పేరు. ఏటవతల దర్గాకు మొక్కుకుంటే ఆవిడ పుట్టిందట. ప్రభువు అనే అర్థమున్న అరబ్బీ మాట ఒకటి ఎక్కడెక్కడో తిరిగి, ఆ దర్గాలో పీరు పేరై, కృష్ణ దాటి మా ఇంటికొచ్చేసరికి వెనకాల 'అమ్మ' చేర్చుకుంది. హాస్టల్లో, ట్రైనింగులో, బ్యాంకులో, "మీరు తురకలా?" అని అడగనివాళ్ళు లేరు. కాదు, వ్యవసాయదారులం, మొక్కు పేరు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇక్కడ ఆ పేరు రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

అంత దూరం నుంచి వచ్చిన ఆ మాట మా అమ్మ నోటికి మాత్రం రాలేదు. కోడలు అత్త పేరు ఎత్తకూడదు. కూతురికి ఆ పేరే పెట్టుకున్నా ఎత్తకూడదు. నాన్న పిలిచాడు, ఊరంతా పిలిచింది. అమ్మకు మాత్రం నేను 'ఏమే', 'అమ్మాయ్', 'ఇదిగో'. మాకు పాలు పోసేవాడిదీ ఆ పీరు పేరే కాబట్టి అతను 'పాలబ్బాయి'. ఆ దర్గా 'ఏటవతల దేవుడు'. పదకొండేళ్ళప్పుడు నేనొకసారి అన్నం కంచం ముందు అలిగాను. నా జట్టు పిల్లలందర్నీ వాళ్ళమ్మలు పేరు పెట్టి పిలుస్తారు, నువ్వు గేదెను అదిలించినట్టు పిలుస్తావని ఏడ్చాను.

అమ్మ నా పక్కన కూర్చుంది. "మీ నాయనమ్మ నన్ను చానా బాగా చూసిందే. నువ్వు కడుపులో ఉండంగ పోయింది. బియ్యంలో ఉంగరంతో ఆ పేరు నేనే రాశా. మీ నాయన వేరే ఏదో అనుకున్నాడు, నేనే పట్టుబట్టా. నేను పిలవకపోతే ఏం? ఊరంతా పిలుస్తది గదా. ఆమె పేరు రోజూ నా చెవిన పడతది."

అప్పుడు అన్నం తిన్నాను గానీ, కోరిక పోలేదు. పెళ్ళయ్యాక కూడా, పిల్లలు పుట్టాక కూడా, ఏదో ఒకనాడు అమ్మ పొరపాటున అంటుందేమోనని చూసేదాన్ని. అనలేదు. మా అమ్మ పొరపాట్లు చేసే మనిషి కాదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మూడేళ్ళ కిందట మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు మరిచిపోయింది, తర్వాత భోంచేసిన సంగతి, తర్వాత నాన్న పోయిన సంగతి. మేముండే నరసరావుపేటలోనే నరాల డాక్టరుకు చూపించాను. చిన్నవాడు, వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. ఇది ఏ నెల, ఇది ఏ ఊరు అని అడుగుతూ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. చివరికి నన్ను చూపించి, "ఈమె ఎవరమ్మా? పేరేంటి?" అన్నాడు.

అమ్మ పెదాలు బిగించి తల పక్కకు తిప్పుకుంది. రెండుసార్లు అడిగాడు. కూతుర్ని గుర్తుపట్టడం లేదని రాసుకున్నాడు.

"తెలుసండీ ఆమెకు. చెప్పదు" అన్నాను.

"ఇంట్లోవాళ్ళందరూ అట్లానే అంటారు మేడమ్" అన్నాడు జాలిగా.

ఆటోలో కూర్చున్నాక అమ్మ కోపంగా గొణిగింది. "ఆ డాక్టరుకు బుద్ధి లేదే. అత్త పేరు చెప్పమంటాడా నన్ను."

ఆ రోజు పల్నాడు రోడ్డు మీద ఆటోలో నేను నవ్వినట్టు ఈ మూడేళ్ళలో మళ్ళీ నవ్వలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

అప్పటినుంచి నాకదో అలవాటైంది. ఆదివారం తలకు నూనె రాస్తూ, "నా పేరేందమ్మా?" అని అడిగేదాన్ని. అమ్మ తల పక్కకు తిప్పేది. పెదాలు బిగించేది. అమ్మయ్య, ఇంకా ఉంది అనుకునేదాన్ని. నెల తెలియదు, ఊరు తెలియదు, కట్టుకున్న చీర ఎవరిదో తెలియదు, కానీ నేనెవరో తెలుసు. ఆవిడ నోరు తెరవనంతకాలం నాకు అమ్మ ఉన్నట్టే. ఆ ధైర్యంతోనే పొద్దున్నే వండిపెట్టి, స్నానం చేయించి, పక్కవాటా పిన్నిని తోడుంచి, బస్సెక్కి బడికి పోయేదాన్ని. ఒళ్ళు హూనమైపోయేది, అయినా పోయేదాన్ని.

పోయిన నెలలో ఒక పొద్దున అమ్మకు ఉప్మా తినిపిస్తున్నాను. పిన్ని గుమ్మంలోకి వచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది. "బస్సుకు టైమైంది, నేను పెడతాలే, నువ్వు పో" అంది.

అమ్మ నోట్లో ముద్ద మింగింది. పిన్ని వైపు చూసింది. తర్వాత ఆ పేరు తనూ అంది. మెల్లగా, ముక్కలు ముక్కలుగా, బళ్ళో పిల్ల కొత్త మాట చదివినట్టు. మళ్ళీ అంది. మూడోసారి బాగా అంది, ముఖం విప్పారింది.

యాభై ఎనిమిదేళ్ళు నేను ఎదురుచూసిన మాట. చెవులు మూసుకోవాలనిపించింది. ఆ పేరు కాగితం మీద పెట్టాలన్నా ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

"బాగుందే ఈ పేరు" అంది అమ్మ నాతో. "ఎవురిదమ్మా?"

ఎన్ని దేశాల పేర్లకో అర్థాలు చెప్పినదాన్ని, తల దించుకుని ఉప్మా కలుపుతూ చెప్పాను.

"నాదేనమ్మా."

"మంచి పేరు. ఎవురు పెట్టారు నీకు?"

"మా అమ్మ పెట్టింది" అన్నాను.

"మీ అమ్మ మంచిదే అయ్యుంటది" అని నోరు తెరిచింది. ఇంకో చెంచా పెట్టాను. బయట బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది.