మామయ్యగారు నొక్కని బటన్

నాకు మొండితనం ఎక్కువని మా అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతారు. ఆ చెప్పడంలో కొంచెం సంతోషం కూడా ఉందని నా అనుమానం. ఎందుకంటే ఆ ఇంట్లో నాకంటే మొండిమనిషి ఒకరున్నారు, ఆయన్ని లొంగదీయడం ఇన్నేళ్ళలో ఆవిడ వల్ల కాలేదు. ఆయన మా మామయ్యగారు. సబ్బవరం దగ్గర పల్లెలో పుట్టి, స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు కంట్రోల్ రూములో పనిచేసి రిటైరయ్యారు. ఆమధ్య కుడి కంట్లో శుక్లం ముదిరి, పేపరు ముక్కుకి ఆనించుకుని చదవడం మొదలుపెట్టారు.

ఆసుపత్రిలో టోకెన్ నేను తీసిపెడతానని మా ఆయన ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు.

"నా కన్నురా. నాను సూసుకుంటాను."

చూసుకోవడమంటే ఆసుపత్రికి ఫోన్ చేయడం. ఆ లైను ఎప్పుడు చూసినా బిజీ. వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను చెవికి ఆనించుకుని కాసేపు ఓపిక పట్టి, "రేపు సేద్దాంలే" అని లేచిపోయేవారు. నెలలు గడిచాయి గానీ ఆ రేపు మాత్రం రాలేదు.

నేను ఇంట్లోంచే వెబ్‌సైట్లు తయారుచేస్తాను. మా గ్రహచారం ఏమిటంటే, గాజువాకలో ఉన్న ఆ కంటి ఆసుపత్రి సైటు చేసింది కూడా నేనే. టోకెన్ తీసుకునే పేజీ అందులో ఉంది. అది పెట్టిన కొన్నాళ్ళకి డాక్టరుగారు ఫోన్ చేశారు. కృష్ణా జిల్లా మనిషి, ఎంత చిరాకులోనైనా మర్యాద తప్పరు.

"పెద్దవాళ్ళు ఒక్కరూ సైటులో టోకెన్ తీసుకోవట్లేదండీ. ఇక్కడ ఫోను మోగుతూనే ఉంటోంది. వాళ్ళకి ఇవన్నీ రావు. ఆ పేజీ తీసేసి ఫోన్ నంబరే పెద్దగా వేసేయండి."

వాళ్ళకి రావన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. మా మామయ్యగారు ఎర్రగా కాలిన ఇనుముని బటన్లతో పరుగెత్తించిన మనిషి. ఆయనకి నా పేజీ చేతకాలేదంటే తప్పు పేజీది. ఒక్క వారం ఆగమని డాక్టరుగారిని బతిమాలాను. ఆ వేడిలోనే అత్తగారి దగ్గరికెళ్ళి, మామయ్యగారు తన టోకెన్ తన చేత్తో తీసుకుంటారు, లేకపోతే ఈ పని మానేస్తాను అనేశాను.

"ఆ రెండోదే అవుద్దిలే," అన్నారావిడ, పప్పు ఏరుతూ.

ఈ పని నాకు నేర్పింది నెట్‌లో ఊరికే దొరికే పాఠాలు. వాటన్నిటిలోకీ కష్టమైన సలహా ఒకటుంది. ఎవరైనా నీ సైటు వాడుతుంటే పక్కన కూర్చో, నోరు మాత్రం విప్పకు. నావల్ల అయ్యే పని కాదది. అయినా పళ్ళు బిగించి మామయ్యగారి పక్కన కూర్చున్నాను.

పేజీ తెరిచి ఫోను దూరంగా పెట్టారు, తర్వాత దగ్గరగా పెట్టారు, తర్వాత కిటికీ వైపు తిరిగారు. కళ్ళు కనిపించనివాళ్ళు వచ్చే చోట తెల్లటి గోడ మీద లేత బూడిదరంగు అక్షరాలు రాసినట్టుంది నా వ్యవహారం. అక్షరాలకీ వెనక రంగుకీ తేడా చాలుతుందో లేదో కొలిచి చెప్పే సైట్లున్నాయి. అందులో పెట్టి చూస్తే నా పేజీ తప్పింది. అక్షరాలు నల్లగా, పెద్దగా మార్చాను. ఇంగ్లీషుకి సరిపోయిన వరుసల ఎడం తెలుగుకి చాలక వత్తులు కింది వరుస నెత్తిన కూర్చుంటున్నాయి, వాటినీ విడదీశాను. ఆసుపత్రి భవనం ఫొటో ఒకటి పేజీని అడ్డంగా ఆక్రమించి, సిగ్నల్ తక్కువున్న చోట తెరుచుకోకుండా చేసేది. దాన్నీ పీకేశాను. "సమర్పించండి" అని ఉన్నచోట "టోకెన్ తీసుకోండి" అని రాశాను. గుడిలో కొబ్బరికాయేమైనా ఇస్తున్నామా సమర్పించడానికి!

ఈసారి మామయ్యగారు పేరు, వయసు, రోజు, అన్నీ తడుముకోకుండా నింపారు. చివరి బటన్ దాకా వచ్చారు. బొటనవేలు దాని మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "తర్వాత సూద్దామమ్మా," అని ఫోను బల్లమీద బోర్లించారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా వదలదలుచుకోలేదు. రిటైరైన వాళ్ళంతా పొద్దుటి షిఫ్టుకి వెళ్ళే వేళకి ఇప్పటికీ మా వీధి చివర టీ కొట్టు దగ్గర చేరతారు. మర్నాడు మామయ్యగారి వెంట నేనూ వెళ్ళాను. మామయ్యగారి పాత స్నేహితుడొకాయన చేతిలో నా ఫోను పెట్టి, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయనా అన్నీ నింపారు, బటన్ దగ్గరికొచ్చారు, వేలు వెనక్కి తీసుకున్నారు. "ఇది నువ్వే నొక్కు బావా," అని ఫోను మామయ్యగారికిచ్చారు. ఆయన దాన్ని నాకిచ్చేశారు.

ఇక నియమాన్ని గట్టున పెట్టాను. "ఎందుకు నొక్కట్లేదండీ మామయ్యగారూ? ఏముంది దాంట్లో?"

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "ఎర్రదమ్మా అది."

"ఎర్రదైతే?"

"మిల్లులో ఎర్ర బటన్ నొక్కితే లైనంతా ఆగిపోద్ది. ఊరికే నొక్కినోడి పనైపోద్ది. ఇది ఫోనని నాకు తెలుసు. సెయ్యి ఎల్లదమ్మా, ఏటి సెయ్యమంటావు?"

స్నేహితుడు తలూపారు. ఉద్యోగమంతా ఆ రంగుకి దూరంగా పెట్టుకున్న వేళ్ళు అవి. మా కాలనీల నుంచి ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది ఈ వేళ్ళవాళ్ళే. నాకు నవ్వొచ్చింది, వెంటనే వాళ్ళ మీద చెప్పలేనంత ప్రేమొచ్చింది.

పెద్దవాళ్ళు ఎరుపు నొక్కరు, బటన్ ఆకుపచ్చ చేద్దామంటే డాక్టరుగారు మాత్రం ఒప్పుకోలేదు. బోర్డు ఎరుపు, మందుల సంచీ ఎరుపు, రిసెప్షన్ అమ్మాయిల చీరలు కూడా ఎరుపు. "ఎరుపంటేనే మా ఆసుపత్రండీ. దాని జోలికి వెళ్ళకండి," అన్నారు.

"బోర్డు మీ ఇష్టమండీ. నేనడిగేది ఒక్క బటన్."

"రంగుకి కూడా భయపడతారా అండీ ఎవరైనా?"

"మీ గదిలో పేషెంటు అక్షరాలు కనిపించట్లేదంటే, అక్షరాలు బాగానే ఉన్నాయి, నీకే చూడ్డం రాదంటారా?"

పని పోయిందనే అనుకున్నాను. అవతల పెద్దగా నవ్వు వినిపించింది. సరే, ఆకుపచ్చ పెట్టి చూడండన్నారు.

ఆ సాయంత్రమే మార్చి, ఫోను మామయ్యగారి చేతికిచ్చాను. అత్తగారు చూడనట్టు నటిస్తూ పప్పు చేట పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఆయన అన్నీ నింపి, బటన్ దాకా వచ్చి, ఒక్క క్షణం కూడా ఆగకుండా నొక్కేశారు. టోకెన్ వచ్చింది. మిల్లు మొదలైనప్పుడు చూసేవారేమో అలా, తల పైకెత్తి మా అందరి వైపూ చూశారు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోలేదు.

ఆపరేషనైంది. కట్టు విప్పిన మర్నాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నా వెనకొచ్చి నిలబడి, కంప్యూటరులో అదే పేజీ చూశారు.

"ఏటమ్మా, అచ్చరాలు మరీ ఇంతేసి పెట్టినావు? గుడ్డోళ్ళనుకున్నావా మమ్మల్ని?"

"తగ్గించను మామయ్యగారూ. మీ ఎడం కన్ను ఇంకా మిగిలుంది."

ఆయన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన వెనకే వెళ్ళి, ఆ కంటికి నేను తీయనా టోకెన్ అని అడిగాడు.

"తీసేసినాన్రా," అన్నారు మామయ్యగారు, ఫోను జేబులో పెట్టుకుంటూ.