పిల్లి పడుకున్న గోడ

మా పిన్ని ఉద్యోగం చేసినన్నాళ్లూ మందుల కొట్లోనే చేసింది. మాత్రల అట్ట మీద పేరు తాను చదివాక, కొనేవాళ్ల చేత కూడా చదివించేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. తాళం వేసి లాగి చూసేది. మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, ఇంకోసారి లాగేది.

"నీ నీడని కూడా నా వెనకెందుకొస్తున్నావని అడిగేట్టున్నావే" అనేవాడు బాబాయి.

"అడిగితే తప్పేముంది? చెబితే వింటాం."

బాబాయి రిటైరయ్యాక కారు అమ్మేశాడు. ఖాళీ అయిన షెడ్డులో రంపం మిషను పెట్టుకుని, కుర్చీలూ బల్లలూ చేసుకోవాలని ఆయన కోరిక. షెడ్డుకి కరెంటు లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇల్లంతా చూసి, స్నానాల గది పక్క నడవాలో ఆగాడు. అక్కడుండే నీళ్ల హీటరు ఎప్పుడో పాడైతే తీసేశారు. దాని లావుపాటి వైరు మాత్రం, కొసకి టేపు చుట్టించుకుని, గోడలోనే ఉండిపోయింది.

"దుక్కలాంటి వైరు సార్, ఊరికే పడుంది. దీన్నే షెడ్డులోకి లాగేద్దాం."

"ఊరికే ఉందని నీకెవరు చెప్పారు?" అంది పిన్ని.

"హీటరే లేదు కదమ్మా."

"మరి పిల్లి ఎందుకు పడుకుంటోంది అక్కడ?"

ఇద్దరూ ఆవిడ వంక చూశారు.

ఇంట్లో తిరిగే పిల్లి రోజూ పొద్దున్నే ఆ గోడకి వీపు ఆనించి పడుకునేది. ఎండ పడే కిటికీని, మెత్తటి సోఫాని వదిలేసి, చీకటి నడవాలో కటిక నేల మీద. పాలగిన్నె కోసం కాపు కాస్తోందని మొదట పిన్ని దాన్నే అనుమానించింది. తర్వాత గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. గోరువెచ్చగా తగిలింది.

బాబాయి కూడా చెయ్యి పెట్టాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. గోడ చల్లగా ఉంది.

"పిల్లి పడుకుంటే గోడ వెచ్చబడదా? రేపొచ్చి పని మొదలెట్టవయ్యా" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో.

"రంపం తిరిగాక ఇల్లంటుకుంటే?"

"అంటుకోదు."

మర్నాడు ఉదయం పిన్ని మెయిన్ బోర్డు దగ్గరికెళ్లింది. హీటరు పోయినా దాని స్విచ్చిని ఎవరూ కట్టెయ్యలేదు. దాన్ని కిందకి దించింది. ఇంట్లో ఒక్క లైటూ ఆరలేదు. నడవాలో నిలబడి చెవులు రిక్కించింది.

కాసేపటికి గోడ అవతల తోటికోడలి గొంతు. "ఏమండీ, హీటరు లైటు ఆరిపోయింది చూడండి."

బాబాయీ వాళ్లన్నయ్యా ఇల్లు వాటాలు పంచుకున్నప్పుడు లేచిన గోడ అది. అవతలి స్నానాల గదీ దానికే ఆనుకుని ఉంది. పిన్ని స్విచ్చి పైకి లేపింది.

"ఆ, వచ్చిందిలెండి."

ఈసారి బాబాయిని పిలిచి, "మీ చేత్తో మీరే దించండి" అంది.

"మళ్లీ పోయిందండీ!"

బాబాయి స్విచ్చి మీద నుంచి చెయ్యి తియ్యడం మర్చిపోయాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, మొత్తం కరెంటు ఆపి, గోడ చెక్కాడు. వైరు మధ్యలో ఒక అతుకు, దాని చుట్టూ కరిగి నల్లగా మాడిన ప్లాస్టిక్. అతుకులోంచి ఒక కొస అవతలి వాళ్ల హీటరుకి పోతోంది. "దీని మీద రంపం లోడు కూడా పడుంటే..." అని మిగతాది మింగేశాడు.

బావగారూ తోటికోడలూ వచ్చి చూశారు. "గోడ కట్టినప్పుడు ఎవడో కలిపేసుంటాడమ్మా. మాకెలా తెలుస్తుంది?" అన్నాడాయన. తోటికోడలు సర్దుకున్న కొంగే మళ్లీ సర్దుకుంటోంది. పిన్ని ఆమెనే చూసింది, కాస్త ఎక్కువసేపే.

"తెలీదనే అనుకుందాం. టీ పెడతాను, కూర్చో అక్కా."

వాళ్లు వెళ్లాక బాబాయి మెల్లగా అడిగాడు. "నా మీద కూడా ఇలాగే అనుమానమా నీకు?"

"మీ మీద కాదు. మీ నమ్మకాల మీద."

పాత వైరు తీసేశారు. షెడ్డుకి బోర్డు నుంచి వేరే వైరు లాగారు. రంపం తిరిగింది. నడవా గోడ చల్లబడ్డాక పిల్లి కొన్నాళ్లు చోటు కుదరక ఇల్లంతా తిరిగింది. ఒక ఉదయం షెడ్డులో, కొత్త స్విచ్చి బోర్డు కింద ముడుచుకుని కనిపించింది.

"రంపపు పొట్టు మెత్తగా ఉందని పడుకుందే" అన్నాడు బాబాయి.

"అయ్యుండొచ్చు" అంటూనే పిన్ని వంగి గోడకి అరచెయ్యి ఆనించింది.

బాబాయి ఈసారి వేళాకోళం చెయ్యలేదు. రంపం ఆపి వచ్చి, ఆవిడ చెయ్యి పక్కనే తన చెయ్యీ పెట్టాడు.