పొట్టి స్టిరప్‌ల మీద నెపం

కాళ్లు కొంకర్లు పోయిన రోజు తప్పంతా గుర్రమ్మీద పాదాలు ఆనించే స్టిరప్‌లదే అనుకున్నాను.

నేను జాకీని. ఐనవిల్లి దగ్గర మాకు కొబ్బరితోట ఉంది. మొదట చదునైన ట్రాక్ మీద, పొడుగు స్టిరప్‌లతో హాయిగా స్వారీ చేసేవాణ్ణి. తర్వాత ఒక కొండ ఊరి ట్రాక్‌కి మారాను. ఎత్తుపల్లాలు, ఇరుకు మలుపులు, వానొస్తే బురద. స్టిరప్‌లు పొట్టివి చేసి, గుర్రం మెడ మీదకి వంగి, చివరి మలుపుదాకా దాన్ని ఆపి పట్టుకోవడం నేర్చుకున్నాను. రేసుకి ఉండాల్సిన లెక్కకి బరువు మాత్రం దిగలేదు. నీళ్లు మానేశాను. ఒంట్లో నీరు లాగేసే మాత్రలు మింగాను. "కొత్త పద్ధతి కదా, కాళ్లు అలవాటు పడాలి" అని అందరితో అన్నాను.

ఒక ఉదయం మూత్రం డికాక్షన్‌లా వచ్చింది. ఆ మధ్యాహ్నమే రేసుకు ముందు తూకం దగ్గర పడిపోయాను. "తాగొచ్చాడా ఏంటి?" అన్నారెవరో. ఆ మాట వినపడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"క్రియాటినిన్ బాగా పెరిగింది. ఎక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి. మాత్రలేమైనా వాడారా?" అన్నారు ఆసుపత్రిలో డాక్టరమ్మ.

"లేదండీ" అన్నాను. మళ్లీ అడిగినా అదే మాట.

డయాలసిస్ మొదలయ్యాక అమ్మ సంచీ నిండా బొండాలతో వచ్చింది. "మా తోటలోవేనండీ. రెండు గుక్కలు పడితే లేచి కూర్చుంటాడండీ."

"వద్దమ్మా, పొటాషియం ఎక్కువ. ఇప్పుడివి ఇతనికి ప్రమాదం" అన్నారు డాక్టరమ్మ.

"అయ్యబాబోయ్! మొన్న ఇంటికొచ్చినప్పుడు బలవంతాన తాగించేనండీ. నావల్లే వచ్చిందాండీ ఇది?"

ఇక దాచలేకపోయాను. "నీవల్ల కాదమ్మా. నువ్వు లోపలికెళ్లగానే ఆ నీళ్లు దొడ్లో పారబోసేను. మాత్రలు మింగేను" అన్నాను. డాక్టరమ్మ కోప్పడలేదు. "మొదటిరోజే చెప్పాల్సింది" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక ఇన్ఫెక్షన్‌తో మళ్లీ చేరాను. డయాలసిస్ అయితే ఆగింది గాని కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. "గుర్రమెక్కొచ్చు, బరువు దించకూడదు" అన్నారు. అంటే రేసులు లేనట్టే. ఇప్పుడు పొద్దున్నే గుర్రాలకు ఎక్సర్‌సైజ్ చేయిస్తాను.

డాక్టరు అడిగితే ఏం మింగారో ముందు చెప్పేయండి. సిగ్గు తర్వాత పడొచ్చు.

కొబ్బరినీళ్లు నాకింకా వద్దన్నారు. అమ్మ కూడా మానేసింది. తోటలో బొండాలు దింపిన రోజు "తాగమ్మా" అంటే, "ఈమధ్య నాకు పడట్లేదురా" అంది. పడకపోవడమేంటి! ఆవిడ అబద్ధమాడుతోందని తెలిసీ నేను తలెత్తలేకపోయాను.