చివరి రీలులో వేరే దొరసాని

పోయిన వారం అన్నం తింటుంటే మా మనవరాలు ఫోనులో పాత తెల్లదొరల సినిమా ఒకటి పెట్టింది. ఓడరేవు, పొగ, టోపీ పెట్టుకున్న నాయకుడు. చిన్నప్పుడు కర్నూల్లో మేనత్తతో కలిసి చూసిన సినిమా అదే. "దీన్ని రెండు భాషల్లో తీసినారంట అవ్వా. హీరో ఒకడే, హీరోయిన్లే వేరు," అంది పిల్ల. కంచం పక్కకు జరిపి, చివరిదాకా చూపించమన్నాను.

అప్పుడు అత్తకు పెళ్లీడు. ఆమె మనసిచ్చినాయన బొంబాయి మిల్లులో పనికి పోతూ, తాను వచ్చేదాకా ఆగమన్నాడు. ఏడాది దాటినా కబురు లేదు. ఇంట్లో కడప సంబంధం సిద్ధంగా ఉంది. ఏదో ఒక మాట చెప్పమని అత్త తల్లి, మా జేజి పోరు. ఆ సినిమాలోనూ ఒక దొరసాని ఓడెక్కిపోయినవాడి కోసం ఎదురుచూస్తుందని విని అత్త బయల్దేరింది. ఆడపిల్లను ఒంటరిగా పంపరు గనక నేను తోడు. నా కాపలా ఎంత గట్టిదంటే, చేతిలో శనక్కాయల పొట్లం ఉన్నంతసేపు అత్తను ఎవరెత్తుకుపోయినా నాకు తెలిసేది కాదు.

దొరల సినిమా వస్తే మా టాకీసులో ఒకాయన తెర పక్కన నిలబడి కథను తెలుగులో చెప్పేవాడు. ఆయనకూ ఆ భాష రాదు; బొమ్మను చూసి అల్లేవాడు. ఆ రోజూ బాగానే చెప్పుకొచ్చాడు. రీళ్ల డబ్బాలు ఎక్కడో కలిసిపోయి, చివరి రీలు మాత్రం రెండో భాషది వచ్చిపడిందని ఇప్పుడు తెలుస్తోంది. ఓడ దిగిన నాయకుడు ఎవరో కొత్త దొరసానిని వాటేసుకున్నాడు. కథ చెప్పే ఆయన తడబడి, గొంతు సవరించుకున్నాడు. "సూడండప్పా, ఆయప్ప ఇంగొగామెను చేసుకున్యాడు. ఎదురుచూసిన పిచ్చిది యాడ పోయిందో ఏమో." హాలంతా ఉసూరుమంది. ఇంటికి రాగానే అత్త జేజితో, "ఆ కడపోళ్లకు సరే అని చెప్పుమా," అంది.

పెళ్లయిన మరుసటి ఎండాకాలం బొంబాయి నుంచి ఆయన వచ్చాడు. వాకిట్లో నిలబడి జేజి చెప్పింది విన్నాడు. ఇచ్చిన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మొన్న కడప పోయి అత్తకు ఆ సినిమా ఫోనులో చూపించాను. చూపాలా వద్దా అని బస్సులో దారంతా నాకు ఒకటే పీకులాట. ఈసారి ఓడ దిగినవాడు మొదటి దొరసానినే దగ్గరికి తీసుకున్నాడు.

"ఈమె కోసమే వచ్చినాడా?"

"అవునత్తా. ఆ పొద్దు రీలు మారిపోయింది."

అత్త చాలాసేపు కొంగుతో ఫోను అద్దం తుడుస్తూ కూర్చుంది. "మీ మామ ఉన్నన్ని దినాలు నన్ను బాగనే చూసుకున్యాడులే," అంది. కాసేపటికి, "ఆ కడాకు ఓడ దిగేది మళ్లా పెట్టు," అంది. పెట్టాను.

కాలం తాను తీసుకుపోయినదాన్ని తిరిగి ఇవ్వదు, సరే. అసలు పోగొట్టుకోనక్కర్లేకపోయిందని ఇప్పుడొచ్చి చెప్పడమెందుకు?